రుజువు లేని పథ్యం వద్దు, వైద్యం లేని దురద వద్దు

పాల అలర్జీ, ఎగ్జిమా ఉన్న పసిబిడ్డల కోసం ఉద్యమ వ్యవస్థాపక ప్రణాళిక

1. మేమెవరం, ఎందుకు కలిశాం

మేము పసిబిడ్డల తల్లులం, తండ్రులం, అమ్మమ్మలం, నాయనమ్మలం. మాలో ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు, నర్సులు ఉన్నారు. పిల్లల వైద్యులు, చర్మ వైద్యులు కూడా ఉన్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటి నుంచీ వచ్చాం. ఊళ్ళు వేరు, యాసలు వేరు, చూసిన బాధ ఒకటే. ఒళ్ళంతా దురదతో రాత్రంతా ఏడ్చే బిడ్డ ఒక పక్క. ఆ దురదకు కారణం తన తిండేనని నమ్మి చారన్నంతో నెలలు నెట్టుకొస్తున్న బాలింత మరో పక్క. చూడవచ్చిన ప్రతివారూ ఒక మాట అంటారు. పాలు సరిపడలేదంటారు, వేడి చేసిందంటారు, వంకాయ తిన్నావేమో అంటారు. ప్రతి మాటా ఆ తల్లి కంచంలోంచి ఒక పదార్థాన్ని తీసేస్తుంది. బిడ్డ చర్మం మాత్రం మారదు.

నిజంగానే పాల అలర్జీ ఉన్న బిడ్డలూ ఉన్నారు. వాళ్ళకు జరిగే అన్యాయం ఇంకో రకం. చెంచాడు పెరుగన్నం నోట్లో పడగానే పెదవులు వాచి, ఒంటిమీద దద్దుర్లు లేచిన బిడ్డను చూసి "అలవాటైతే అదే సర్దుకుంటుంది" అని మర్నాడు మళ్ళీ అదే పెట్టే ఇళ్ళు మాకు తెలుసు. మాటిమాటికీ విరేచనంలో రక్తపు చార కనిపిస్తున్నా ఎవరికి చూపించాలో తెలియక నెల తిరిగిపోయిన ఇళ్ళూ తెలుసు.

లేని అలర్జీకి పథ్యం పెట్టడం, ఉన్న అలర్జీని గుర్తించకపోవడం, ఈ రెండూ ఒకే లోపం నుంచి పుట్టాయి. అలర్జీ ఉందో లేదో తేల్చే పద్ధతి మన ఇళ్ళకూ, మన దగ్గరి ఆసుపత్రులకూ అందలేదు. దాన్ని అందించడానికే ఈ ఉద్యమం. రుజువు చూడకుండా ఏ బిడ్డకూ, ఏ తల్లికీ పాలు మాన్పించకూడదు. వైద్యం అందక ఏ బిడ్డా గోక్కుంటూ పడి ఉండకూడదు. మిగతా ప్రణాళికంతా ఈ రెండు మాటలకు వివరణ.

2. మేము నిలబడే నిజాలు

ఎగ్జిమా మొదటగా చర్మపు జబ్బు. ఈ జబ్బున్న బిడ్డ చర్మం తేమను పట్టి ఉంచుకోలేదు, బయటి పదార్థాలను లోపలికి రాకుండా ఆపలేదు. చర్మపు పై పొరను బిగువుగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ కొందరిలో పుట్టుకతోనే తక్కువగా తయారవుతుంది. ఆ జన్యులోపానికీ ఎగ్జిమాకూ ఉన్న సంబంధాన్ని స్కాట్లాండులోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు, వారి సహచరులు 2006లో బయటపెట్టారు. అంటే చాలామంది పిల్లల్లో ఈ జబ్బు వేరు తల్లి తిన్న కూరలో లేదు, బిడ్డ చర్మంలోనే ఉంది. ఘాటైన సబ్బు, మరీ వేడి నీళ్ళు, చెమట, గరుకు బట్టలు దాన్ని రెచ్చగొడతాయి.

మన ఒంటి రంగు మీద ఎగ్జిమా ఎర్రగానే కనబడాలని లేదు. తెల్లవారి పిల్లల ఫొటోలతో నిండిన పుస్తకాలు చూసి ఎరుపు కోసం వెతికితే మన బిడ్డల జబ్బు దొరకదు. చామనఛాయ చర్మం మీద అది నల్లబడిన మచ్చగా, బూడిదరంగు పొడగా, చేతికి గరుకుగా తగిలే సన్నటి పొక్కులుగా ఉంటుంది. కంటికంటే వేలికొనకే ముందు తెలుస్తుంది.

పగిలిన చర్మమే అలర్జీకి దారి తెరుస్తుంది. లండన్‌లో పనిచేసే పిల్లల అలర్జీ వైద్యుడు గిడియన్ లాక్ 2008లో ఈ సూత్రాన్ని వివరించారు. ఒక ఆహారం నోటి గుండా అందితే శరీరం దాన్ని ఒప్పుకోవడం నేర్చుకుంటుంది, పగిలిన చర్మం గుండా ముందుగా అందితే పగవాడిగా గుర్తుపెట్టుకుంటుంది. ఆయన బృందం 2015లో లీప్ అనే పరిశోధన ఫలితాలు ప్రకటించింది. తీవ్రమైన ఎగ్జిమా గానీ, గుడ్డు అలర్జీ గానీ ఉన్న 640 మంది పసిపిల్లలను రెండు జట్లు చేశారు. 4 నుంచి 11 నెలల వయసులోనే వేరుశనగ తినడం మొదలుపెట్టిన జట్టులో, ఐదేళ్ళు వచ్చేసరికి, వేరుశనగ అలర్జీ రెండో జట్టుకంటే సుమారు 80 శాతం తక్కువగా కనిపించింది. పెట్టకుండా కాపాడాలన్న పాత సలహా ఆ తర్వాత దేశదేశాల్లో మారింది. మన వీధుల్లోకి ఆ కబురు ఇంకా రాలేదు. ఎగ్జిమా ఉన్న బిడ్డకు గుడ్డూ వేరుశనగా ఏడాది, రెండేళ్ళు దూరం పెట్టే సలహా ఇప్పటికీ మన చెవిన పడుతూనే ఉంది.

పాల అలర్జీ రెండు రకాలుగా వస్తుంది. మొదటి రకం వెంటనే బయటపడుతుంది. పాలు తాగిన నిమిషాల్లో, ఎక్కువలో ఎక్కువ రెండు గంటల్లో, దద్దుర్లు, వాపు, వాంతి, పిల్లికూతలు, ఒక్కోసారి ప్రాణాపాయం. రక్తంలోని ఐజీఈ అనే ప్రతిదేహం దీనికి కారణం. రెండో రకం నెమ్మదిగా, గంటల తర్వాత, రెండు మూడు రోజుల దాకా కూడా, కనిపిస్తుంది. విరేచనాలు, రక్తపు చారలు, ఆగని వాంతులు, బరువు పెరగకపోవడం, కొందరిలో ఎగ్జిమా ముదరడం దీని లక్షణాలు. ఈ రెండూ పాలలోని కేసీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్ వంటి ప్రోటీన్ల మీద శరీరం చేసే తిరుగుబాటు. పాలలోని లాక్టోస్ అనే చక్కెర అరగకపోవడం వేరే సంగతి, పుట్టుకతో ఆ లోపం ఉన్న పసిపిల్లలు చాలా అరుదు. లాక్టోస్ తీసేసిన డబ్బా పాలు పాల అలర్జీకి మందు కాదు, ప్రోటీన్ అందులో అలాగే ఉంటుంది.

నిజమైన పాల అలర్జీ మనం అనుకున్నంత ఎక్కువ కాదు. ఐరోపాలో తొమ్మిది దేశాల్లో పుట్టిన 12 వేల మంది పిల్లలను పుట్టినప్పటి నుంచీ గమనించిన యూరోప్రివాల్ అధ్యయనం 2015లో వెలువడింది. అనుమానం వచ్చిన పిల్లలకు వైద్యుల ఎదుట పాలు తాగించి చూసి తేల్చితే, రెండేళ్ళలోపు అలర్జీ రుజువైంది 0.54 శాతానికే. ఎగ్జిమా బాగా తీవ్రంగా ఉన్న పిల్లల్లో ఏదో ఒక ఆహార అలర్జీ ఉండే అవకాశం ఎక్కువే, పెద్దాసుపత్రులకు వచ్చిన అలాంటి పిల్లల్లో మూడో వంతు దాకా కనిపించింది. వాళ్ళను వెతికి పట్టుకోవాలి. కానీ బుగ్గ మీద నాలుగు పొక్కులున్న ప్రతి బిడ్డకూ పాలు మాన్పించడానికి ఈ లెక్కల్లో ఏ ఆధారమూ లేదు.

రక్తపరీక్ష ఒక్కటే తీర్పు చెప్పలేదు. చర్మం మీద గుచ్చి చూసే పరీక్షలో గానీ, ఐజీఈ రక్తపరీక్షలో గానీ పాజిటివ్ వస్తే, శరీరం ఆ ఆహారాన్ని గుర్తుపట్టిందని మాత్రమే అర్థం. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో హాయిగా తింటున్న ఆహారాలకు కూడా అది పాజిటివ్ వస్తుంది. డజన్ల కొద్దీ ఆహారాలకు ఒకేసారి చేసే ఐజీజీ పరీక్షలకు, వెంట్రుక పంపించి చేయించే పరీక్షలకు అలర్జీని చెప్పే శక్తి అసలే లేదు.

అనవసరంగా మాన్పిస్తే నష్టమే. ఐజీఈ పరీక్ష పాజిటివ్ ఉన్నా పాలు హాయిగా తాగుతున్న ఎగ్జిమా బిడ్డకు వాటిని నెలల తరబడి ఆపేస్తే, ఆ ఓర్పు పోవచ్చు. మళ్ళీ ఇచ్చిన రోజున అంతకు ముందెన్నడూ లేని తక్షణ అలర్జీ రావచ్చు. పథ్యంతో పోయేదేముంది అనే మాట తప్పు, పోయేది చాలా ఉంది.

చాలామంది పిల్లలకు ఈ అలర్జీ తగ్గిపోతుంది. నెమ్మదిగా వచ్చే రకం ఎక్కువమందిలో మూడేళ్ళలోపే పోతుంది. వెంటనే వచ్చే రకానికి ఇంకొంత కాలం పడుతుంది, బడికి వెళ్ళే వయసుకు సుమారు సగం మంది బయటపడతారు. కాబట్టి "ఈ బిడ్డకు పాలు పడవు" అనేది జీవితకాలపు ముద్ర కాకూడదు.

3. మేము ఎదిరించేవి

తల్లి మీద మోపే నేరాన్ని ఎదిరిస్తాం. ఆవుపాల ప్రోటీన్ తల్లిపాలలోకి వచ్చేది చాలా స్వల్పం. ఆ స్వల్పానికి కూడా స్పందించే బిడ్డలు కొందరుంటారు. అలాంటి అనుమానం బలంగా ఉన్నప్పుడు వైద్యులు తల్లికి రెండు నుంచి నాలుగు వారాలు పాలు, పెరుగు, వెన్న ఆపి చూస్తారు. గడువయ్యాక తల్లి మళ్ళీ తినాలి. తిన్నాక లక్షణాలు తిరిగి వస్తేనే అనుమానం నిజం. అంతకుమించి బాలింతకు పప్పు, కూరలు, గుడ్డు, పండ్లు అన్నీ కట్టేసి పస్తులుంచే ఆచారానికి ఎగ్జిమా పేరు అడ్డుపెట్టవద్దు. బిడ్డకు అలర్జీ రుజువైనా చనుబాలు మాన్పించవద్దు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో ఆరు నెలల్లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగుతున్నది 63.7 శాతం. అనవసరమైన భయం వల్ల ఆ సంఖ్యలోంచి ఒక్క బిడ్డ కూడా తగ్గకూడదు.

పగిలిన చర్మం మీద తిండి పదార్థాలు పూయడాన్ని ఎదిరిస్తాం. పసిపిల్లల స్నానం మన ఇళ్ళలో ఒక వేడుక, దాన్ని మేమూ ప్రేమిస్తాం. అయితే ఎగ్జిమా ఉన్న చర్మం మీద మీగడ, సెనగపిండి, పెసరపిండి, పాలు కలిపిన నలుగు రుద్దడం ప్రమాదం. గరుకు పిండి చర్మాన్ని మరింత చీలుస్తుంది, ఆ చీలికల గుండా పాల ప్రోటీన్ లోపలికి వెళ్తుంది. మేకపాలు కలిపిన క్రీమును ఎగ్జిమా మీద రాసుకున్న మనిషికి తర్వాత మేకపాల జున్ను తింటే ప్రాణాంతక అలర్జీ వచ్చిన సంగతిని ఆస్ట్రేలియా వైద్యులు 2014లో నమోదు చేశారు. పాలమీగడ నోటికి మంచిది, పుండు మీద కాదు.

మందుల షాపులో అడిగి తెచ్చే కలగూర క్రీములను ఎదిరిస్తాం. తామరకు, గజ్జికి, దురదకు అన్నింటికీ ఒకే ట్యూబు ఇస్తారు. అందులో క్లోబెటసోల్ వంటి చాలా ఘాటైన స్టెరాయిడ్, దానితో పాటు యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపి ఉంటాయి. పసిబిడ్డ బుగ్గ మీద నెలల తరబడి అది రాస్తే చర్మం పలచబడుతుంది, మందు ఒంట్లోకి ఎక్కుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి రాసే పలు స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఆ నియమం కౌంటరు దాకా రావాలి. అదే సమయంలో స్టెరాయిడ్ అనే పేరు వినగానే భయపడి, వైద్యుడు రాసిన తేలికపాటి హైడ్రోకార్టిసోన్‌ను రెండు రోజులకే పారేయడం కూడా బిడ్డకు అన్యాయమే. సరైన బలం, సరైన కొలత, సరైన గడువు ఉన్న స్టెరాయిడ్ పూత ఎగ్జిమాకు దశాబ్దాలుగా పరీక్షకు నిలిచిన మందు.

ఒక పాలకు మరో పాలు మందు అనే ప్రచారాన్ని ఎదిరిస్తాం. ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లల్లో అత్యధికులకు మేకపాలూ పడవు, వాటి ప్రోటీన్లు దగ్గరి చుట్టాలు. మన ఇళ్ళలో ఎక్కువగా తాగే గేదెపాలూ చాలామందికి పడవు. వీధుల్లో గాడిదను వెంట తిప్పుతూ పిండి అమ్మే పాల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆవుపాలు పడని పిల్లల్లో చాలామంది గాడిద పాలను తట్టుకుంటారని ఇటలీలో వైద్యులు చూశారు, అది నిజం. అది వైద్యుల పర్యవేక్షణలో, ఆహార లెక్కలతో చేసిన పని. గాడిద పాలలో కొవ్వు చాలా తక్కువ, బిడ్డ ఎదుగుదలకు అవి ఒక్కటీ చాలవు. వీధిలో కాచకుండా పోసే పచ్చిపాలతో వచ్చే విరేచనాల ముప్పు వేరే ఉంది.

అలర్జీ భయాన్ని అమ్ముకునే వ్యాపారాన్ని ఎదిరిస్తాం. ఇంగ్లండులో పాల అలర్జీ బిడ్డల కోసం రాసే ప్రత్యేక ఫార్ములా చీటీలు 2006లో సుమారు లక్షా 5 వేలు. 2016 నాటికి అవి 6 లక్షలు దాటాయి. అలర్జీ ఆ పదేళ్ళలో అంతగా పెరిగిందనడానికి ఆధారం లేదని, మార్గదర్శకాలు రాసిన నిపుణుల్లో పలువురికి ఫార్ములా కంపెనీలతో సంబంధాలున్నాయని 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ పరిశోధన కథనం వెల్లడించింది. మన దేశంలో 1992 నాటి శిశు పాల ప్రత్యామ్నాయాల చట్టం, 2003 సవరణతో కలిపి, రెండేళ్ళలోపు పిల్లల ఆహారపు ప్రకటనలను, వైద్య సిబ్బందికి కంపెనీలిచ్చే కానుకలను నిషేధించింది. ఇంత గట్టి చట్టం చాలా దేశాల్లో లేదు. దాన్ని అలర్జీ డబ్బాల దొడ్డిదారిన నీరుగార్చనివ్వం.

4. ప్రతి ఇంటికీ మా మాట

ముందు చర్మం, తర్వాత కంచం. చర్మానికి వైద్యం చేయకుండా పథ్యాలు మార్చుకుంటూ పోవడం కారుతున్న ఇంటికప్పును వదిలేసి నేల తుడుస్తూ కూర్చోవడమే.

స్నానం గోరువెచ్చటి నీళ్ళతో, ఐదు పది నిమిషాల్లో ముగించండి. ఘాటైన సబ్బూ, పిండీ మానండి. ఒంటి తడి పూర్తిగా ఆరకముందే పూత రాయండి. ఖరీదైన క్రీమే కానక్కర్లేదు, వాసన కలపని మామూలు పెట్రోలియం జెల్లీ చాలు. మొహమాటపడకుండా రాయండి, ఒళ్ళంతా ఎగ్జిమా ఉన్న పసిబిడ్డకు వారానికి వంద గ్రాముల దాకా పడుతుంది. వైద్యుడు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ రాస్తే కొలత ఇది: పెద్దవాళ్ళ చూపుడువేలి చివరి కణుపు పొడవునా పిండిన మందు సుమారు అర గ్రాము, అది రెండు పెద్ద అరచేతులంత చర్మానికి సరిపోతుంది. గోళ్ళు కత్తిరించండి, నూలు బట్టలు వేయండి. గదిలో సాంబ్రాణి పొగ తగ్గించండి. ఈ పని తల్లి ఒక్కదానిదే కాదు. సాయంత్రం పూత తండ్రి వంతు కావాలని మా ఉద్యమం కోరుతోంది.

చర్మం మీద పసుపుపచ్చ పెచ్చు కట్టినా, రసి కారినా వైద్యుడికి చూపించండి. నొప్పెట్టే చిన్న నీటిపొక్కులు గుంపుగా లేచి జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

అన్నప్రాశనను మేము కాదనం. ఆరో నెలలో పాలు, నెయ్యి, అన్నం కలిపి బిడ్డ నోటికి పరిచయం చేసిన మన పెద్దల ఆచారం నేటి పరిశోధనకు దగ్గరగానే ఉంది. కొంచెం జాగ్రత్త కలపమంటున్నాం. బిడ్డకు జ్వరం, జలుబు లేని రోజున పెట్టండి. మొదట చెంచా కొసంత పెట్టి, రెండు గంటలు కనిపెట్టుకుని ఉండండి. ఏమీ కాకపోతే ఆ ఒక్క రోజుతో వదిలేయకుండా పెరుగన్నంగా, పరమాన్నంగా వారంలో చాలాసార్లు పెడుతూ ఉండండి. ఉడికించిన గుడ్డు, మెత్తగా నూరి జారుగా చేసిన వేరుశనగ కూడా ఈ కాలంలోనే మొదలుపెట్టాలి. గింజలు మాత్రం గొంతుకు అడ్డం పడతాయి, పెట్టవద్దు. ఎగ్జిమా బాగా తీవ్రంగా ఉన్న బిడ్డకు ముందే వైద్యుణ్ణి అడగండి.

వెంటనే వచ్చే అలర్జీ ఒకసారి కనిపిస్తే ఇంట్లో మళ్ళీ ప్రయోగం చేయకండి. ఊపిరి కష్టమైనా, పిల్లికూతలు వినబడినా, బిడ్డ వాలిపోయినా, దద్దుర్లతో పాటు వాంతులు ఆగకున్నా 108కి ఫోను చేయండి, క్షణం ఆగవద్దు.

పాలు నిజంగా మాన్పించాల్సి వస్తే లేబుల్ చదవడం నేర్చుకోండి. కేసీన్, కేసినేట్, వే, మిల్క్ సాలిడ్స్, పాలపొడి, ఇవన్నీ పాలే. బిస్కెట్లలో, బ్రెడ్డులో, డబ్బాల్లో వచ్చే పసిపిల్లల గోధుమ ఆహారంలో అవి తరచుగా ఉంటాయి. నెయ్యిలో కూడా పాల ప్రోటీన్ ఆనవాళ్ళు మిగలవచ్చు. పాలు మానిన తల్లికి కాల్షియం వేరే దారిన అందాలి. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది, నువ్వుల్లో ఇంకా ఎక్కువ. అవి చాలకపోతే మాత్రలు, విటమిన్ డి కావాలి. ఏడాదిలోపు బిడ్డకు పాలు ఆపి బియ్యపు గంజితో, సగ్గుబియ్యం జావతో సరిపెట్టడం ప్రమాదం. తల్లిపాలు లేని బిడ్డకు ప్రోటీన్‌ను బాగా విడగొట్టిన ప్రత్యేక ఫార్ములా, అదీ పడకపోతే అమినో ఆమ్లాల ఫార్ములా కావాలి.

5. మా డిమాండ్లు

వైద్యులను కోరుతున్నాం. పాలు మాన్పించమని రాసిన చీటీ మీదే మళ్ళీ పెట్టి చూసే తేదీ రాయండి. రెండో తేదీ లేని మొదటి తేదీ వైద్యం కాదు. వెంటనే వచ్చే రకానికి ఆసుపత్రిలోనే పెట్టి చూడండి. తేలికపాటి ఎగ్జిమా ఉన్న ప్రతి బిడ్డకూ ఆహార పరీక్షల పట్టీ రాయకండి. పూత ఎలా రాయాలో ఒక్కసారి తల్లి చేతి మీద రాసి చూపించండి.

ఆరోగ్య శాఖలను కోరుతున్నాం. ఆశా కార్యకర్తలు బిడ్డ 3, 6, 9, 12, 15 నెలల వయసుల్లో ఇంటికి వచ్చి చూసే కార్యక్రమం ఇప్పటికే ఉంది. ఎగ్జిమా బయటపడేదీ, కొత్త ఆహారం మొదలయ్యేదీ ఆ నెలల్లోనే. వాళ్ళ కార్డులో రెండు ప్రశ్నలు చేర్చండి: దురదతో బిడ్డ నిద్ర చెడుతోందా? ఏదైనా తిన్న రెండు గంటల్లోపు దద్దుర్లు, వాంతులు వచ్చాయా? ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పెట్రోలియం జెల్లీ, ఒక శాతం హైడ్రోకార్టిసోన్ ఉచితంగా ఇవ్వండి. అడ్రినలిన్ దేశపు అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది, చవక మందు. బిడ్డ బరువు కిలోకు 0.01 మిల్లీగ్రాము చొప్పున తొడ కండరంలో ఇవ్వాలన్న పట్టీ ప్రతి అత్యవసర గది గోడ మీద తెలుగులో ఉండాలి.

హైదరాబాదు నీలోఫర్, విశాఖ కేజీహెచ్ వంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారానికి ఒక రోజు వైద్యుల ఎదుట ఆహారం పెట్టి చూసే పరీక్షకు కేటాయించాలి. అలర్జీ అక్కడ రుజువైన, తల్లిపాలు లేని బిడ్డకు ప్రత్యేక ఫార్ములా ఉచితంగా ఇవ్వాలి. అది పేద ఇంటికి అందని ఖరీదు. తెలంగాణ ఆరోగ్యలక్ష్మి పథకంలో బాలింతకు రోజూ 200 మిల్లీలీటర్ల పాలిస్తున్నారు. బిడ్డ అలర్జీ రుజువై పాలు మానిన తల్లికి ఆ విలువకు తగిన రాగిజావ, గుడ్డు అదనంగా ఇవ్వాలి, ఆమె వాటా గల్లంతు కాకూడదు. ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీల్లోనూ ఇదే నియమం కావాలి.

ఆహార భద్రత అధికారులను కోరుతున్నాం. 2020 లేబుల్ నిబంధనల ప్రకారం ప్యాకెట్ల మీద పాలు ఉన్నాయని చెప్పడం తప్పనిసరి. అది ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటే సరిపోతోంది. మన రాష్ట్రాల్లో అమ్మే ప్యాకెట్ల మీద ఆ ఒక్క వాక్యమైనా తెలుగులో ఉండాలి. విడిగా అమ్మే స్వీట్ల షాపుల్లో, బేకరీల్లో పాలు, గుడ్డు, వేరుశనగ ఉన్నవాటికి బోర్డు పెట్టించాలి.

విదేశాల్లో ఉన్న తెలుగు కుటుంబాలకూ ఒక విన్నపం. అక్కడి పిల్లల వైద్యుడు చెప్పే సలహానూ, ఇక్కడి నుంచి ఫోనులో అమ్మమ్మ చెప్పే సలహానూ ఒక్కచోట పెట్టి మాట్లాడండి. మీకు అందిన సమాచారాన్ని తెలుగు చేసి ఇక్కడికి పంపండి.

6. మాకు మేము పెట్టుకునే నియమాలు

ఫార్ములా కంపెనీల నుంచి, క్రీముల కంపెనీల నుంచి, ల్యాబుల నుంచి ఒక్క రూపాయి తీసుకోం. మందులు అమ్మం, చీటీలు రాయం. బిడ్డల ఫొటోలను ప్రచారానికి వాడుకోం. మా సమావేశాల్లో ఏ తల్లినీ "నువ్వేం తిన్నావు" అనే నిందతో ప్రశ్నించం.

సాక్ష్యం మారితే మా మాట మారుస్తాం. పుట్టిన నాటి నుంచి రోజూ పూత రాస్తే ఎగ్జిమా రాకుండా ఆపవచ్చని ఒకప్పుడు గట్టి ఆశ ఉండేది. బ్రిటన్‌లో 1,394 మంది శిశువులతో చేసిన బీప్ పరిశోధన 2020లో ఆ ఆశ నిలవదని చూపింది. కాబట్టి పూత జబ్బును ఆపుతుందని మేము చెప్పం. వచ్చిన జబ్బును అదుపులో ఉంచుతుందని మాత్రమే చెబుతాం.

7. మొదటి ఏడాది పని

ఒక కాగితం తయారుచేస్తాం. అందులో మన పిల్లల ఒంటి రంగు మీద ఎగ్జిమా ఎలా ఉంటుందో గీసిన బొమ్మలు, వేలి కణుపు కొలత, ప్రమాద లక్షణాలు, మాన్పించిన తేదీ, మళ్ళీ పెట్టే తేదీ రాసుకునే గడులు ఉంటాయి. రాయలసీమలో, కోస్తాలో, తెలంగాణలో చదివి వినిపిస్తే అర్థమయ్యే మాటల్లో దాన్ని రాస్తాం. ఆశా కార్యకర్తల నెలవారీ సమావేశాల్లో పూత రాయడం చేసి చూపిస్తాం. బాలింతల తల్లులనూ అత్తలనూ ముందు వరుసలో కూర్చోబెడతాం, ఎందుకంటే స్నానం, పథ్యం రెండూ వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. మందుల షాపుల వారితో కూర్చుని షెడ్యూల్ హెచ్ నియమం గురించి మాట్లాడతాం, వినని చోట ఔషధ తనిఖీ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తాం. ఏడాది చివర మా డిమాండ్లలో ఏది నెరవేరిందో, ఏది మిగిలిందో బహిరంగంగా చెబుతాం.

8. చేరండి

బిడ్డకు పాలు ఆపిన తల్లీ తండ్రీ, ఈ వారమే మీ వైద్యుణ్ణి అడగండి: ఏ రుజువుతో ఆపాం, మళ్ళీ ఎప్పుడు పెట్టి చూస్తాం? అమ్మమ్మలారా, నాయనమ్మలారా, బాలింత కంచంలో పప్పూ కూరా గుడ్డూ తిరిగి వడ్డించండి, మీ మాటకున్న బలం ఏ కరపత్రానికీ లేదు. ఆశా అక్కలారా, అంగన్‌వాడీ టీచర్లారా, బిడ్డ మోచేతుల మీద, పిక్కల మీద ఒకసారి వేలితో తడిమి చూడండి. వైద్యులారా, నెలలో ఒక పూట మాకు ఇవ్వండి. ఇందులో ఏ పనికీ పెద్ద యంత్రాలు అక్కర్లేదు, కావలసిన మందులు చాలావరకు చవక, చట్టాలు చాలావరకు పుస్తకాల్లో ఉన్నాయి. వాటిని ఒక్కో ఇంటి గడప దాటించే మనుషులు కావాలి. మీ మండలంలో ఆ పని మీరే మొదలుపెట్టండి, మేము మీతో నడుస్తాం.